సవతి ఇంట్లో సాంబ్రాణి

భానుప్రియ మెడలో తాళిబొట్ల పక్కన చిన్న బంగారు బిళ్ళ ఒకటి ఉంటుంది. రెండో పెళ్ళివాడికి ఇచ్చిన పిల్లకు, పోయిన మొదటి భార్య పేరున అట్లాంటి బిళ్ళ వేయడం వాళ్ళలో ఆచారం. పోయినావిడ అలగకుండా, కొత్తగా వచ్చినదాన్ని చెల్లెల్లాగా చూసుకోవాలని వేస్తారు. పెళ్ళిరోజు ముత్తైదువలు ఆ బిళ్ళను పసుపుతాడుకు ఎక్కిస్తుంటే భానుప్రియ పెద్దగా పట్టించుకోలేదు. పోయిన మనిషితో తనకేం తగాదా అనుకుంది.

అప్పటికి ఆమెకు ముప్పై నాలుగేళ్ళు. పుట్టిల్లు సంగం. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రికి పక్షవాతం వచ్చి మంచాన పడితే, ఇంటి వరండాలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతూ ఆయన్ని చూసుకుంది. వచ్చిన సంబంధాలన్నీ, మరి మీ నాయన్ని ఎవరు చూస్తారు అనే మాట దగ్గర ఆగిపోయాయి. తండ్రి పోయిన ఏడాదికి అన్న నరేంద్రబాబు ఈ సంబంధం తెచ్చాడు. పెంచలకృష్ణది విడవలూరు దాటి సముద్రం వైపు పోతే వచ్చే ఊరు. కొంత వరిపొలం, రెండు రొయ్యల గుంటలు. భార్య ఉషారాణి విషజ్వరంతో పోయి ఐదేళ్ళయింది, పిల్లల్లేరు. మనిషి నెమ్మదస్తుడు, తాగుడు లేదు, గట్టిగా మాట్లాడడు అని నరేంద్రబాబు చెప్పాడు. ఆయన చెప్పినవన్నీ నిజమేనని భానుప్రియకు కాపురానికి వచ్చిన కొద్దిరోజుల్లోనే తెలిసింది.

మొదటి శుక్రవారం సాయంత్రం దీపం పెట్టి, కొబ్బరి చిప్పలు కాల్చి నిప్పులు చేసింది. వాటిని మట్టి ధూపపాత్రలో వేసుకుని, సాంబ్రాణి చల్లి, గదిగదికీ తిప్పింది. సంగంలో అమ్మ చేసేది, అమ్మ పోయాక తను చేసేది. సాంబ్రాణి వెయ్యని శుక్రవారం ఆమెకు శుక్రవారంలా ఉండదు. పొగ వీధి గుమ్మం దాకా వచ్చేసరికి పెంచలకృష్ణ గుంటల దగ్గర్నుంచి వచ్చాడు. గడప బయటే ఆగిపోయాడు. చేతులు రెండూ కొంచెం పక్కకు చాపి, కళ్ళు మూసుకుని అట్లాగే నిలబడ్డాడు.

ఏమైందని భానుప్రియ అడిగితే కళ్ళు తెరిచి, ఎదురుగా ఉన్నది ఎవరో గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టినవాడిలా చూశాడు. ఏం లేదని చెప్పి, కాళ్ళు కడుక్కోవడానికి దొడ్లోకి పోయాడు.

మర్నాడు పొద్దున పక్కింటి రెబెక్కమ్మ గోడ మీదుగా పలకరించింది. ఆమె ఊరి బడిలో ఆయాగా పనిచేసి మానుకున్న మనిషి. కల్మషం లేనిది, నోట్లో మాట దాచుకోలేనిది.

"మేం ప్రభువును నమ్ముకున్నోళ్ళం, సాంబ్రాణి వెయ్యం. అయినా ఆ వాసన మా ఇంట్లోకి వస్తేనే శుక్రవారం అని తెలిసేది నాకు. ఐదేళ్ళ తర్వాత శుక్రవారం పూట నిన్న మళ్ళీ వచ్చింది. ఉషమ్మ తిరిగొచ్చిందేమో అనిపించిందమ్మాయ్."

ఆమె ప్రేమగానే అన్నది. భానుప్రియ నవ్వి లోపలికి వచ్చి, కూర మాడేదాకా పొయ్యి ముందు ఊరికే నిలబడింది. తను అమ్మ దగ్గర నేర్చుకున్న పని, తన చేత్తో వేసిన పొగ. దాంతో ఇంట్లోకి నడిచి వచ్చింది ఇంకొకతె. గడప బయట కళ్ళు మూసుకున్న మొగుడి ముఖం గుర్తొచ్చి ఆమెకు లోపల ఎక్కడో చురుక్కుమంది.

అప్పటినుంచి మొదలైంది. తర్వాతి శుక్రవారం ఆమె సాంబ్రాణి వెయ్యలేదు. ధూపపాత్రను ఎవరికీ కనపడకుండా అటక మీదికి తోసింది. కానీ ఉషారాణి సాంబ్రాణితోనే రాలేదు కదా, ఇల్లంతా ఉంది. ముందుగదిలో పటం ఉంది, నిండు నవ్వుతో. పూలకుండీల్లో ఆమె నాటిన కనకాంబరాలున్నాయి. బియ్యం డబ్బా మీద గోళ్ళరంగుతో రాసిన పేరుంది. భానుప్రియ వంటింటి సామానంతా మార్చేసింది. ఉప్పు ఉన్నచోట కారం, చెంబులు ఉన్నచోట పళ్ళేలు పెట్టింది. మంచినీళ్ళు ముంచుకోవడానికి వచ్చిన పెంచలకృష్ణ చెయ్యి పాతచోటికే పోయేది. అక్కడ చెంబు లేక చెయ్యి గాల్లో ఆగేది. అది చూసినప్పుడల్లా ఆమెకు ఒళ్ళు మండేది.

అతను ఉషారాణిని పొగిడినా బాగుండేది. పొగిడితే ఎదురు మాట్లాడవచ్చు. అతను ఆమె పేరే ఎత్తడు. ఒకరోజు అన్నం తింటుంటే భానుప్రియ మాటల్లో పెట్టి, ఆవిడ పులుసు ఎట్లా పెట్టేదని అడిగింది. బాగానే పెట్టేదన్నాడు. పటంలో తెలియడం లేదు గానీ, ఆవిడ నాకంటే తెలుపా అని అడిగింది. ఇప్పుడవన్నీ ఎందుకని మజ్జిగ పోసుకున్నాడు. ఆ రెండు మాటలు ఆమె చాలా రోజులు తిప్పి తిప్పి ఆలోచించుకుంది. ఎందుకు అన్నాడంటే చెబితే నేను బాధపడతాననేగా, అంటే తెలుపేగా.

అంతకంటే కష్టమైంది శనివారాలు. శనివారం అతను సంచిలో రొయ్యలో, పొలంలో కాసిన వంకాయలో వేసుకుని మోటారుసైకిలు మీద బోగోలు పోయేవాడు. ఉషారాణి తల్లి ఆదిశేషమ్మ అక్కడ ఒక్కతే ఉంటుంది. పెళ్ళికి ఆమె రాలేదు, కబురు కూడా పంపలేదు. ఆయన మాత్రం మానకుండా పోయేవాడు. వచ్చేసరికి సాయంత్రమయ్యేది, ఆ పూట ఇంట్లో సరిగ్గా తినేవాడు కాదు. అక్కడ తిని వచ్చాడని భానుప్రియకు తెలుసు. పోయినామె మీద అసూయ చాలదన్నట్టు, ముఖం కూడా చూడని ముసలామె మీద ఇంకొకటి తోడైంది. మిషను మీద జాకెట్టు కుడుతూ, వాళ్ళిద్దరూ ఇప్పుడు ఏం మాట్లాడుకుంటుంటారో ఊహించుకునేది. ఆ ఊహల్లో వాళ్ళు ఎప్పుడూ ఉషారాణి గురించి చెప్పుకుని నవ్వుకుంటుండేవాళ్ళు.

మాఘమాసం దగ్గర పడుతుండగా పెంచలకృష్ణ ఒక మాట చెప్పాడు. ముత్తైదువగా పోయిన మనిషి ఇంటికి పేరంటాలవుతుంది. ఏటా ఆమె పోయిన తిథికి పటం ముందు కొత్త చీర, పసుపు కుంకుమలు పెట్టి, సాంబ్రాణి వేసి మొక్కాలి. ఇన్నాళ్ళూ ఆదిశేషమ్మే వచ్చి చేసిపోయేది. ఇప్పుడు ఇంటికి ఇల్లాలు వచ్చింది కాబట్టి ఆ పని ఇల్లాలే చెయ్యాలి. ఇదంతా చెప్పేటప్పుడు అతను నేల చూస్తూ చెప్పాడు. భానుప్రియ సరేనన్నది. తనకు కొత్త చీర కొని ఎన్ని నెలలైందో మనసులో లెక్క వేసుకుంది.

ఆ రోజుల్లోనే ఫోనులో ఒక వీడియో చూసింది. ఎవరో హైదరాబాదు అమ్మాయి, సేజ్ అనే ఆకు గురించి చెబుతోంది. పరాయి దేశపు కొండల్లో పెరుగుతుందట. ఎండిన ఆకును కట్టగా కట్టి, చివర అంటించి, ఇంట్లో మూలమూలకీ ఆ పొగ పట్టాలట. తలుపులూ కిటికీలూ తెరిచి పెడితే, అంతకు ముందు ఆ ఇంట్లో ఉన్నవాళ్ళ తాలూకు ఏది మిగిలి ఉన్నా బయటికి పోతుందట. చివరి మాట దగ్గర భానుప్రియ వీడియో ఆపి, మళ్ళీ మొదటినుంచి చూసింది. ఉషారాణి ఎన్నడూ కాల్చనిది, ఆమెకు పేరు కూడా తెలియనిది ఈ ఊళ్ళో ఇదొక్కటే అనిపించింది. అప్పుడే ఆర్డరు పెట్టింది.

కట్ట వచ్చిన మర్నాడు, పెంచలకృష్ణ గుంటలకు మేత వెయ్యడానికి పోయాక, తలుపులన్నీ తెరిచింది. ఆకు బూడిదరంగులో, మెత్తగా, కుందేలు చెవిలా ఉంది. అంటించగానే గుప్పున పొగ లేచింది. సాంబ్రాణి తీపి అందులో లేదు. ఘాటు వాసన, ఎండుగడ్డి తగలబడినట్టు. వంటింటి మూలలకు పట్టింది. బీరువా వెనక పట్టింది. ఉషారాణి పటం ముందు చాలాసేపు నిలబడింది. పొగలో ఆ నవ్వు మసకబారింది.

"చాలమ్మా, ఇంక పో" అన్నది భానుప్రియ. అరవలేదు. కొనుగోలుకు వచ్చి బేరం తెగనివాళ్ళను పంపించినట్టు మామూలుగా అన్నది. తర్వాత పటం మేకు నుంచి తీసి, గుడ్డలో చుట్టి, బీరువా వెనక నిలబెట్టింది. గోడ మీద పటం ఉన్నంత మేర సున్నం తెల్లగా మిగిలింది.

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన పెంచలకృష్ణ, ఏదో కాలిన వాసన వస్తోందేమిటని అడిగాడు. ఆమె అబద్ధం చెప్పవచ్చు. దోమలకని చెబితే నమ్మేవాడు. కానీ అన్ని నెలలు లోపల దాచుకున్నది నోటిదాకా వచ్చింది.

"ఆవిడ్ని పంపించడానికి వేసినాను" అన్నది.

అతను గోడ వంక చూశాడు, తెల్లగా ఉన్న చోటుకేసి. కోప్పడలేదు, తిట్టలేదు. కంచంలో ఉన్నది పూర్తిగా తిని, చెయ్యి కడుక్కుని, దుప్పటి చంకలో పెట్టుకుని గుంటల దగ్గరున్న రేకుల షెడ్డుకు పోయాడు. ఆ వారం అక్కడే పడుకున్నాడు. పూట పూటకూ వచ్చి అన్నం తిని పోయేవాడు. అడిగిందానికి జవాబు చెప్పేవాడు. తనంతట తాను ఏమీ చెప్పేవాడు కాదు. ఇల్లు ఖాళీ అయిందని భానుప్రియ సంతోషించడానికి లేకపోయింది. తను పంపేసినామె వెళ్తూ వెళ్తూ మొగుణ్ణి కూడా వెంట తీసుకుపోయిందని, షెడ్డులో వాళ్ళిద్దరే ఉన్నారని ఆమెకు పిచ్చి ఆలోచన పట్టుకుంది.

తిథికి ముందురోజు ఆదిశేషమ్మ బోగోలు నుంచి బస్సు దిగి వచ్చింది. సన్నగా, నిటారుగా ఉన్న మనిషి. చేతిలో గుడ్డసంచి. ఏ వరసన పిలవాలో తెలియక భానుప్రియ "రండి" అని మాత్రం అన్నది. ఆమె లోపలికి వచ్చి ముందు గోడ చూసింది. పటం ఎక్కడని అడగలేదు. గోడకు ఆనుకుని కూర్చుని, ఇచ్చిన కాఫీ తాగింది. గ్లాసు కింద పెట్టి అప్పుడు మాట్లాడింది.

"నేను నీ పెళ్ళికి ఎందుకు రాలేదో తెలుసునా?"

భానుప్రియ తెలియదన్నది.

"కడుపు మండి. నా బిడ్డ అంటించిన పొయ్యి ఇంకొకతె అంటిస్తుంటే చూళ్ళేక. అల్లుడు వారం వారం వచ్చినప్పుడు నీ గురించి అడిగేదాన్ని. బాగా చూసుకుంటుందత్తా అనేవాడు. ఆ మాట వింటే నాకు అన్నం సయించేది కాదు. నువ్వు గయ్యాళివి అయితే బాగుండు, ఈయన నా బిడ్డను తలుచుకుని ఏడిస్తే బాగుండు అని దేవుణ్ణి కోరుకున్నానమ్మాయ్. అట్లాంటిదాన్ని నేను."

బోగోలులో నవ్వుకుంటున్నారని తను ఊహించుకున్న శనివారాల్లో వాళ్ళు మాట్లాడుకున్నది తన గురించి. భానుప్రియ లేచి బీరువా వెనక నుంచి పటం తెచ్చి, కొంగుతో తుడిచి, ఆమె ఒళ్ళో పెట్టింది. ఆకు కాల్చిన సంగతి, పొమ్మన్న సంగతి చెప్పేసింది. ఆదిశేషమ్మ విని, పటం అద్దం మీద గోటితో ఏదో గీకింది. అట్లా పొమ్మంటే పోయే పిల్ల కాదులే అది అన్నది. కోపంగానే అన్నా, పటం మాత్రం ఒళ్ళోంచి దించలేదు.

ఆ సాయంత్రం అటక మీద నుంచి ధూపపాత్ర దించుతుంటే, మొదటి శుక్రవారం పెంచలకృష్ణ గుమ్మం బయట కళ్ళు మూసుకుని నిలబడిన సంగతి కూడా భానుప్రియ బయటపెట్టింది. ఆదిశేషమ్మకు నవ్వొచ్చింది. ఉషారాణికి గుంటల బురద వాసన పడేది కాదట. మొగుడు గుంటల నుంచి వస్తే గడప తొక్కనిచ్చేది కాదట. చేతులు చాచి కళ్ళు మూసుకోమని, నెత్తి నుంచి కాళ్ళదాకా సాంబ్రాణి పొగ పట్టి అప్పుడు రానిచ్చేదట. దాని మీద ఇద్దరూ వీధి వినేటట్టు పోట్లాడుకునేవాళ్ళట. ఒకసారి ఒళ్ళు మండి ఆయన ధూపపాత్ర ఎత్తి వీధిలో వేసి పగలగొట్టాడట.

ఇది విని భానుప్రియ మనసు తేలికపడాలి. అతను నిలబడింది ప్రేమతో మైమరచి కాదు, పాత అలవాటుకొద్దీ. కానీ ఆ రాత్రి పక్క మీద దొర్లుతూ ఆమె ఆ పగిలిన పాత్ర గురించే ఆలోచించింది. తనతో గొంతు కూడా పెంచని మనిషి, ఆమెతో పాత్రలు పగలగొట్టేటంత పోట్లాడాడు. అంత చనువు తనకెప్పుడు ఇచ్చాడు? పొగిడితే అసూయ, పోట్లాడితే అసూయ. తనకే తన మీద విసుగు పుట్టింది. విసుగు పుట్టినా అది పోలేదు.

తిథి రోజు పటం మళ్ళీ మేకు ఎక్కింది. పెంచలకృష్ణ పొద్దున్నే వచ్చి, గోడ వంక చూసి, స్నానం చేసి వచ్చాడు. భానుప్రియ పసుపు కుంకుమలు పెట్టింది, గాజులు పెట్టింది. ఆదిశేషమ్మ సంచిలోంచి తీసిన చిలకపచ్చ చీర పెట్టింది. ఎర్ర అంచు. నిప్పుల మీద సాంబ్రాణి చల్లి పటం ముందు పట్టింది. ఏం మొక్కాలో తోచలేదు. నువ్వు ఉంటే ఉండు, నన్నూ ఉండనీ అనుకుంది. గుంటలో రొయ్యలకు గాలి అందించే చక్రాల మోటారు ఆగిపోయిందని ఫోను వస్తే పెంచలకృష్ణ హారతి కళ్ళకద్దుకుని వెళ్ళాడు.

పేరంటాలికి పెట్టిన చీర ఆ ఇంటి ఇల్లాలే కట్టుకోవాలి. ఆ సంగతి భానుప్రియకు అప్పటిదాకా తెలియదు. ఆదిశేషమ్మ చీర తీసి ఇస్తుంటే భానుప్రియ చేతులు వెనక్కి పోయాయి. చిలకపచ్చ తన కూతురికి ప్రాణమని ఆమె పొద్దున్నే చెప్పి ఉంది. కట్టుకోనంటే పెద్దామె మనసు విరిగిపోతుంది. కట్టుకుంది. అద్దంలో చూసుకోలేదు.

మధ్యాహ్నం దాటాక పెంచలకృష్ణ వచ్చాడు. గుమ్మంలో ఆమె ఎదురైంది. చూశాడు, చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. ముఖంలో రంగు మారింది. మోటారు ఇంకా సరిగ్గా తిరగడం లేదని ఏదో గొణిగి వచ్చిన దారినే పోయాడు.

భానుప్రియ చెప్పులు కూడా వేసుకోకుండా వెనకే వెళ్ళింది. పొద్దు వాలుతోంది. సముద్రం మీది గాలి ఉప్పగా వీస్తోంది. గట్టు మీద ఆమె అతన్ని అందుకుంది. గుంటలో చక్రాలు నీళ్ళు చిమ్ముకుంటూ బాగానే తిరుగుతున్నాయి. కాపురానికి వచ్చినప్పటినుంచీ మీరు అంటూ మన్ననగా పిలిచిన మొగుణ్ణి ఆమె ఆ రోజు మొదటిసారి నువ్వన్నది.

"నన్ను చూసి ఎందుకు పారిపోయి వచ్చినావు? ఆమె కనపడిందా? చెప్పు. కట్టుకోమన్నది మీ అత్తే. ఇంట్లో ఉండేది నేనా, ఆమా? ఎన్నాళ్ళు నేను ఆమె వెనకాల నిలబడాల?"

"అరవొద్దు" అన్నాడు పెంచలకృష్ణ.

"అరుస్తాను. ఆమె అరిస్తే పాత్రలు పగలగొట్టినావంటగా. నా మీద ఎందుకు అరవవు?"

అతను నిజంగానే అరిచాడు. ఆ గొంతు అంత పెద్దదని ఆమెకు అప్పుడే తెలిసింది.

"కనపడలా! ఆమె కనపడలా నాకు. ఆ చీర చూసి ఆమె గుర్తొస్తదనుకున్నా. నువ్వే కనపడినావు. దారంతా ఎంత తలుచుకున్నా ముఖం రావడంలా. పటంలో నవ్వు వస్తాది గానీ, కోపం వస్తే ఎట్లుండేదో, నిద్రలేస్తే ఎట్లుండేదో రావడంలా. షెడ్డులో పడుకున్నన్ని రోజులూ అదే పని. రాలా."

అంటూ గట్టు మీద కూలబడి మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు.

భానుప్రియకు మొదట కలిగింది సంతోషమే. నువ్వే కనపడినావు అన్న మాట ఒంట్లోకి వెచ్చగా దిగింది. గెలిచాననుకుంది. ఆ వెంటనే ఎదురుగా ఉన్న మనిషి భుజాలు కదలడం చూసింది. ఆమెకు తండ్రి గుర్తొచ్చాడు. చివరి రోజుల్లో ఆయన కూడా అమ్మ ముఖం గుర్తు రావడం లేదని ఇట్లాగే ఏడ్చేవాడు. అప్పుడు తను ఆయన చెయ్యి పట్టుకుని, అమ్మకు నవ్వితే చిగుళ్ళు కనపడేవి నాన్నా అని చెప్పేది. ఇప్పుడు చెప్పడానికి తనకేమీ తెలియదు. ఉషారాణి గురించి ఇంత కాలం అంతగా ఆలోచించి, తెలుసుకున్నది ఏమీ లేదు.

పక్కన కూర్చుంది. చీర అంచుకు బురద అంటింది.

"మీ అత్త ఇంట్లోనే ఉందిగా. పద, అడుగుదాం" అన్నది.

ఆ సాయంత్రం ముగ్గురూ వసారాలో కూర్చున్నారు. ఆదిశేషమ్మ చెబుతుంటే ఒక్కొక్కటీ పైకి వచ్చింది. కోపమొస్తే ఉషారాణి ముక్కు కొన ఎర్రబడేదట. నిద్రలేచి అరగంట దాకా ఎవరితోనూ మాట్లాడేది కాదట. అవునవునని పెంచలకృష్ణ తలూపుతూ, తనకు గుర్తొచ్చినవి కలిపాడు. భానుప్రియ చిక్కుడుకాయలు వలుస్తూ వింది. వినడం సులువుగా లేదు. మధ్యలో రెండుసార్లు లోపలికి పోయి వచ్చింది. ముక్కు కొన గురించి చెప్పేటప్పుడు అతని గొంతులో వచ్చిన మెత్తదనం ఆమెకు గుచ్చుకుంది. కానీ ఆ రాత్రి దుప్పటి షెడ్డు నుంచి ఇంటికి వచ్చింది.

ఇది జరిగి మూడేళ్ళు దాటింది. శుక్రవారాలు ఆ ఇంట్లో సాంబ్రాణి వేస్తున్నారు. ఏటా పేరంటాలి చీర భానుప్రియే నెల్లూరు పోయి కొంటుంది. తర్వాత కట్టుకోవలసింది తనే కాబట్టి తనకు నచ్చిన రంగే తెస్తుంది. చిలకపచ్చ మాత్రం తేదు. మొగుడూ పెళ్ళాలకు ఇప్పుడు మాటామాటా బాగానే పెరుగుతుంది, రెబెక్కమ్మ గోడ దగ్గరికి వచ్చి సర్దిచెప్పిన రోజులున్నాయి.

ఆదిశేషమ్మను భానుప్రియ అమ్మా అని పిలుస్తుంది. ఆమె కూడా ఫోను చేస్తే అల్లుడికి కాకుండా ఈమెకే చేస్తుంది. పోయిన నెల వచ్చి కొన్నాళ్ళు ఉంది. ఆ రోజుల్లో పెద్దామెకు రెబెక్కమ్మతో స్నేహం కుదిరి, మధ్యాహ్నమైతే ఆమె వసారాలో చేరి కబుర్లలో పడేది. రెండు రోజులు భానుప్రియ ఓర్చుకుంది. మూడో రోజు కాఫీ కలిపి, గోడ దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"అమ్మా, కాఫీ చల్లారిపోతా ఉంది. వస్తావా, పారబొయ్యనా?"

ఆదిశేషమ్మ రెబెక్కమ్మ వంక చూసి, మోకాళ్ళు పట్టుకుని లేచింది.